ఏ రకం సినిమా

మొన్న అనకాపల్లి వెళ్ళింది చిన్నాన్నను చూడటానికే గాని పాత గొడవ తవ్వడానికి కాదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే మా వాళ్ళలో ఎవరు ఇది చదివినా "అదిగో, మళ్ళీ మొదలెట్టింది" అంటారు. నేను మొదలెట్టలేదు. మొదలెట్టింది టీవీ.

చిన్నాన్న అంటే మా నాన్నకి తమ్ముడు. ఎనభై దాటాయి, చెవికి మిషను ఉంటేనే వినబడుతుంది. కొడుకు అచ్యుతాపురంలో మందుల కంపెనీలో పని. పొద్దున్న కంపెనీ బస్సెక్కితే సాయంత్రానికి గాని దిగడు. కోడలికి బ్యాంకులో ఉద్యోగం. అందుచేత బడి సెలవుల్లో పగలంతా చిన్నాన్నకి కాపలా మనవరాలు జాహ్నవి. తొమ్మిదేళ్ళ పిల్ల. భోజనాలయ్యాక ఆయన పడక్కుర్చీలో, నేను మంచం మీద, అది నేల మీద కూర్చుని సినిమా పెట్టుకున్నాం. సినిమా మొదలవుతూనే తెర మూల పదహారు అంకె, పక్కన ఒక కూడిక గుర్తు వచ్చాయి. వాటి కింద హింస, అసభ్య భాష, పొగ తాగడం అని చిన్న అక్షరాలు.

"ఆ పదారేటే?" అన్నాడు చిన్నాన్న.

"పదారేళ్ళు దాటినోళ్ళే సూడాలి తాతా."

"మరి నువ్వో?"

"నేను నీకు పిన్ను కొట్టడానికి ఉన్నాను. నీకు రాదు కదా."

పిల్ల చూడకూడనివి చూడకుండా టీవీకి నాలుగంకెల తాళం వేసింది కొడుకు. ఆ నాలుగంకెలూ గుర్తుండేది పిల్లకే. పెద్దవాళ్ళు పెద్దవాళ్ళ సినిమా చూడాలంటే పిల్లని బతిమాలుకోవాలి. ఇందులో తప్పేదో ఉందని చిన్నాన్నకి తోచలేదు. పైగా పొంగిపోయాడు. "సూసేవా అమ్మలూ, దీనికి తెల్దన్నది లేదు. ఎంత తెలివో సూడు!" అన్నాడు నాతో.

నా చేతిలో మజ్జిగ గ్లాసు కింద పెట్టాను. పదిహేనేళ్ళ వయసులో, ఇదే కుటుంబంలో, ఇదే మాట నేనూ చెప్పాను. అప్పుడు దాన్ని తెలివి అనలేదు. ఏమన్నారో, అన్నవాళ్ళలో ఈ చిన్నాన్న గొంతు ఎంత గట్టిగా వినిపించిందో నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

మాది బెల్లం ఇల్లు. ముందు భాగం కొట్టు, వెనక భాగం కాపురం, మధ్యలో ఒక తలుపు. ఆ తలుపు మూసి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. బెల్లం వాసన తియ్యగా ఉంటుందనుకునేది రైలు దిగి అరగంటలో పని చూసుకుని పోయేవాళ్ళు. అందులోనే పుట్టి పెరిగినవాళ్ళకి అది కాస్త పుల్లగా, కాస్త గోనెపట్టాలా, వాన పడ్డ రోజున తడిసిన కుక్కలా కూడా ఉంటుంది. మా బట్టలకీ జడలకీ పుస్తకాలకీ అదే వాసన. నా జామెట్రీ పెట్టెలో ఎప్పుడు చూసినా చీమలే. బళ్ళో నాకు చీమలపుట్ట అని పేరు పెట్టిన అమ్మాయి ఈమధ్య కూతురి పెళ్ళికి పిలిచింది. శుభలేఖ బాగుంది. నేను వెళ్ళలేదు.

నాన్న పొద్దున్నే కొట్టులోకి వెళ్ళి దిమ్మల్ని వరసలుగా పేర్పించేవాడు. ఒక్కో దిమ్మనీ గోటితో గీరి, నాలిక మీద వేసుకుని కళ్ళు మూసుకునేవాడు. ఆ సమయంలో కొట్టులో ఎవరూ దగ్గకూడదు. కళ్ళు తెరిచాక ఆ వరస ముందు ఒక పలక పెట్టేవాడు. బంగారు రంగుండి, గట్టిగా ఉండి, నాలికకి ఉప్పు తగలని సరుకైతే పలక మీద సుద్దతో ఇంగ్లీషు ఏ. కాస్త ఎర్రబడితే బీ. నల్లబడితే సీ. ఆ సీ రకం చివరికి ఎక్కడికి పోతుందో, దానితో ఏం కాస్తారో ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. మా ఇంట్లో మొట్టమొదటి సెన్సారు అదే. నాన్న చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. వచ్చిన ఇంగ్లీషు ఆ మూడక్షరాలే. వాటితోనే లోకమంతా కొలిచేవాడు. అమ్మ చేసిన పప్పు ఏ. గొలుగొండ నుంచి ఎవరో తెచ్చిచ్చిన చింతపండు బీ. ఎదురుగా బియ్యం కొట్టు నడిపే తన బావ ఇచ్చే మాట సీ. నాకు క్లాసులో ఫస్టు వస్తే, "మా అమ్మలు ఏ రకం" అని బెల్లం దించడానికి వచ్చిన రైతులందరికీ చెప్పేవాడు. వాళ్ళు నావైపు చూస్తుంటే, ఇప్పుడు నన్ను కూడా గోటితో గీరి చూస్తారేమోనని లోపలికి పారిపోయేదాన్ని.

ఇక ఇంట్లో రెండో సెన్సారు సూరత్త. నాన్నకీ చిన్నాన్నకీ అక్క. ఇరవై ఏళ్ళకే భర్త పోతే మా ఇంటికి వచ్చి ఉండిపోయింది. చదువు రాదు. టీవీ కొన్న తరవాత అందరం తెరకి ఎదురుగా కూర్చుంటే, సూరత్త మాత్రం టీవీ పక్కన పీట వేసుకుని మాకు ఎదురుగా కూర్చునేది. ఆమె సినిమా చూడదు, మా మొహాలు చూస్తుంది. మా కళ్ళు కాస్త పెద్దవైతే చాలు, వెనక ఏం జరగబోతోందో తెలిసిపోయేది.

"అమ్మలూ, పొయ్యి మీద పాలు సూసి రా."

"పొయ్యి మీద పాలు లేవత్తా."

"లేవని సూసి రా."

వెళ్ళి, పాలు లేవని చూసి వచ్చేసరికి కథానాయికకి పెళ్ళయిపోయి, చంకలో బిడ్డ ఉండేది. మళ్ళీ వెళ్ళి వస్తే ఆ బిడ్డ పోలీసు ఇనస్పెక్టరు. నాకు తెలిసినంత మటుకు సినిమాల్లో ప్రేమ అంటే నేను వంటింట్లో ఉన్న సమయం. మర్నాడు బళ్ళో స్నేహితురాళ్ళు చెప్పుకుంటుంటే విని ఆ చిల్లులు పూడ్చుకునేదాన్ని. వాళ్ళ ఇళ్ళలో కూడా ఎవరి సూరత్తలు వాళ్ళకున్నారు గనక వాళ్ళు చెప్పిందీ సగమే. అన్ని సగాలూ కలిపినా ఏ ఒక్క సినిమా పూర్తి కాలేదు.

మా వీధికి కేబుల్ వచ్చాక, ఆ కేబుల్ ఆయన తన గదిలో క్యాసెట్ పెట్టి మధ్యాహ్నాలు సినిమాలు వేసేవాడు. ప్రతి సినిమా ముందూ సెన్సారు వాళ్ళ కాగితం ఒకటి కనిపిస్తుంది కదా, దాని మీద పెద్ద అక్షరం ఉంటుంది. నాన్న కళ్ళు నేరుగా ఆ అక్షరం మీదికే పోయాయి. సినిమాకి కూడా రకం వేస్తారని తెలిసి ఆయన ఎంత సంతోషించాడో చెప్పలేను. లోకం ఇన్నాళ్ళకి దారిలో పడిందన్నట్టు చూశాడు. అయితే వచ్చిన సినిమా వచ్చినట్టే యూ. ఆ అక్షరం తన మూడింటిలో లేదు. ఇంటర్ దాకా చదివిన చిన్నాన్నని అడిగాడు. చిన్నాన్న తల గోక్కుని, "యూ అంటే యూజువల్ అన్నియ్యా. మామూలు సరుకు" అన్నాడు. కొన్నాళ్ళకి యూ పక్కన ఏ కూడా ఉన్న సినిమా వచ్చింది. ఈసారి నాన్న ఎవరినీ అడగలేదు. "మామూలు దాన్లో మంచిది కలిపీసేరు. కల్తీ" అని లేచి కొట్టులోకి వెళ్ళిపోయాడు.

అలా ఎదురుచూడగా చూడగా ఒక ఆదివారం మధ్యాహ్నం, ఏ అక్షరం ఒంటరిగా, నిండుగా, తెర మధ్యలో వచ్చి నిలబడింది. నాన్న ఒక్క ఉదుటున వీధిలోకి పరిగెత్తాడు.

"బావా! ఏ రకం పడింది బావా, బేగి రా!"

"ఏటి, బెల్లవా?" అన్నాడు బియ్యం కొట్టు బావ.

"సినిమా బావా! ఇన్నాళ్ళకి అసలు సరుకు వచ్చింది. నీ కొట్టు నానెత్తుకుపోన్లే గానీ రా!"

బావ వచ్చాడు, ఆయన భార్య వచ్చింది, బళ్ళు తోలుకొచ్చిన నలుగురు రైతులు తలపాగాలు విప్పి గుమ్మం దగ్గర కూర్చున్నారు. అమ్మ మరమరాల ఉండలు తెచ్చి పెట్టింది. నేను లేచి నిలబడ్డాను. ఆ రోజు నా దగ్గర ఉన్నది మంచి ఉద్దేశమే అని ఇప్పటికీ ప్రమాణం చేసి చెప్పగలను. నలుగురిలో నాన్న నవ్వులపాలు కాకూడదనే చెప్పాను.

"నాన్నా, అది మంచి రకం అని కాదు. ఏ అంటే పెద్దోళ్ళకే అని."

నాన్న నవ్వాడు. "పెద్దోళ్ళకే. మరి మనవేటే, సిన్నోళ్ళవా? ఈ వీధిలో మనకంటే పెద్దోళ్ళెవులున్నారు?"

"బెల్లంలో మీ నాన్న, బియ్యంలో నేను. కూకో అమ్మలూ" అన్నాడు బావ, ఉండ కొరుకుతూ.

పావుగంట దాకా ఏమీ కాలేదు. తరవాత కథానాయిక వానలో తడిసి వచ్చి తలుపు వేసుకుంది. తలుపు వేశాక కూడా కెమెరా లోపలే ఉండిపోయింది. సూరత్త మా మొహాలు చూసింది. అన్ని కళ్ళు ఒకేసారి అంత పెద్దవవడం ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. "అమ్మలూ, పాలు!" అని కేకేసింది. అది సరిపోదని ఆమెకే తోచి, "మీరందరూ కూడా ఎల్లండి, ఎల్లి పాలు సూడండి!" అంది. బియ్యం కొట్టు బావ నిజంగానే లేచి వంటింటి వైపు నాలుగడుగులు వేశాడు. ఈలోగా చిన్నాన్న వెళ్ళి టీవీ తీగ ఊడబీకి, "కరెంటు పోయింది" అన్నాడు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతూనే ఉంది. దానివైపు ఎవరూ తలెత్తి చూడలేదు.

వెళుతూ వెళుతూ బావ గుమ్మంలో ఆగి, "సరుకు మంచిదే బావా, పాకం ముదిరిపోయిందంతే" అన్నాడు. ఆ మాట వారం రోజులు బజారంతా తిరిగింది.

నాన్న కేబుల్ ఆయన్ని ఏమీ అనలేదు. యూజువల్ అని చెప్పిన తమ్ముణ్ణి ఏమీ అనలేదు. నా వైపు తిరిగాడు. "నీకెలాగ తెలిసింది?" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

"ఏ అంటే ఏటో నీకెవులు సెప్పేరు?"

నేను మాట్లాడలేదు. అప్పటికి నా పదో తరగతి అయిపోయింది. విశాఖపట్నంలో కాలేజీలో సీటు వచ్చింది, హాస్టల్లో మంచం ఖాయమైంది. నా పేరు పసుపు రంగుతో రాయించిన ట్రంకు పెట్టె నడవలో సిద్ధంగా ఉంది. చీమలు లేని ఊళ్ళో, పాలు చూసి రమ్మనేవాళ్ళు లేని గదిలో ఉండబోతున్నానని రోజూ ఆ పెట్టె మూత తెరిచి మూసేదాన్ని. నాన్న ఆ పెట్టె వైపు చూశాడు. "పట్నం ఎల్లకుండానే ఇన్ని తెలిసిపోనాయి. ఎల్తే ఇంకెన్ని తెలుత్తాయో" అన్నాడు. అప్పుడే చిన్నాన్న, ఎవరూ అడక్కుండానే, గట్టిగా, "నిజవే అన్నియ్యా" అన్నాడు. అంతే. హాస్టలు పోయింది. ఇంటరూ డిగ్రీ రెండూ అనకాపల్లిలోనే చదివాను. ట్రంకు పెట్టెలో అమ్మ కందిపప్పు పోసుకుంది. విశాఖపట్నం మా ఊరికి గంట ప్రయాణం. ఆ గంట దూరం వెళ్ళడానికి నాకు పదేళ్ళు పట్టింది.

అప్పటి నుంచి అందరి మీదా ఫిర్యాదు చేస్తూనే ఉన్నాను. పెళ్ళిళ్ళలో చెప్పాను, చావు ఇళ్ళలో చెప్పాను. నేను నోరు తెరవగానే మా వాళ్ళు విస్తరాకులు సర్దుకుంటారు. కాని ఒక మనిషి మీద మాత్రం ఎప్పుడూ ఎవరితోనూ చెప్పలేదు. అసలు ఫిర్యాదు అదే కాబట్టి. నాకు ఏ అంటే ఏమిటో చెప్పింది సూరత్త. బడికి వెళ్ళే దారిలో ఒక గోడ నిండా సినిమా పోస్టర్లుండేవి. నా చెయ్యి పట్టుకుని తీసుకెళుతూ, ఒక పోస్టరు దగ్గర నా తల అటు తిప్పేసి, "ఆ నిచ్చెన లాంటి అచ్చరం ఉన్నదాని కేసి సూడకు. అది పెద్దోళ్ళకే" అంది. చదువురాని మనిషికి ఆ ఒక్క అక్షరం ఎలా తెలుసునని అడిగితే, "నాకేటి తెలుసు, నడు" అని చెయ్యి లాగింది. నాన్న ఆ రోజు నన్ను నిలదీసినప్పుడు నేను ముందు చూసింది ఆమెనే. ఆమె ఫ్యాను కేసి చూస్తోంది. పేరు చెబితే ఆ తరవాతి ప్రశ్న ఆమెకి పడుతుంది. భర్త లేని మనిషిని, ఇన్నేళ్ళుగా తమ్ముడింట్లో ఉంటున్న మనిషిని, "నీకెలాగ తెలిసింది" అని నలుగురిలో అడిగితే అది ఎంత దూరం పోతుందో పదిహేనేళ్ళకే నాకు అర్థమైంది. నోరు మూసుకున్నాను. ఆమె కూడా మూసుకుంది. ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇదంతా కళ్ళ ముందు తిరుగుతుంటే, తెర మీద ఎవడో నోరు తెరిచాడు, మాట బదులు బీప్ అని మోత వినిపించింది. మోత వేసి దాచిన ఆ మాట, పెదవుల కదలికను బట్టి, మా సూరత్త రోజూ పెరట్లో కాకుల్ని తోలడానికి వాడేదే. ఇప్పుడన్నీ ముందే రాసి చూపిస్తున్నారు. ఏముందో, ఎవరు చూడాలో, ఎవరు చూడకూడదో. అప్పుడు రాసి ఉండేది ఒక్క అక్షరం. దాన్ని చదవగలగడమే తప్పు. ఇక నేను ఆగలేకపోయాను.

"చిన్నాన్నా, ఇది చెబితే తెలివంటున్నావు. నేను చెబితే హాస్టలు మానిపించావు."

"ఓలమ్మా! ఇంకా అదేనా?"

"అదే. ఒక్క మాట చెప్పు. ఆ రోజు ఏ అంటే ఏమిటో నీకు తెలుసా, తెలియదా?"

చిన్నాన్న మనవరాలి వైపు చూశాడు. "జానూ, లోపలికెల్లి మంచినీళ్ళు అట్టుకురా" అన్నాడు.

"నీ పక్కనే ఉంది సీసా" అంది అది, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. ఈ కాలం పిల్లలు కదలరు.

చిన్నాన్న గొంతు తగ్గించాడు. "తెలుసే. నేనూ మీ సూరత్తా కలిసే తెలుసుకున్నాం. మొగుడు పోయిన కొత్తలో అప్ప పుట్టెడు దిగులుతో ఉండేది. భక్తి సినిమా సూపిత్తానని పట్నం తీసుకెల్లేను. టిక్కెట్లు అయిపోనాయి. పక్క హాల్లో దొరికేయి. బొమ్మ సూడనేదు, అచ్చరం సూడనేదు, ఎల్లి కూకున్నాం. ఇంటర్వెల్ దాకా ఇద్దరం తల దించుకుని ఎవుల సెప్పులు ఆళ్ళం సూసుకున్నాం. బయటికొచ్చేక అప్ప గోడ మీద అచ్చరం సూపించి ఇదేటని గేటు కాడోడిని అడిగింది. ఆడు సెప్పేడు. ఎవులికీ సెప్పనని నాచేత ఒట్టు ఏయించుకుంది."

"అయితే ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ కలిసి నన్ను వదిలేశారు."

"నేను వదిలేసేన్లే, అది నిజవే. అప్ప వదల్లేదు. ఆ సాయంత్రవే కొట్టులోకి ఎల్లి మీ నాన్నకి సెప్పీసింది. పిల్లకి సెప్పింది నేను, నన్ను తీసుకెల్లింది ఈడు అని. నన్నూ పట్టించీసింది."

నేను మంచం మీంచి లేచి ఆయన కుర్చీ పక్కన కూర్చున్నాను. "నాన్నకి తెలుసా? ఆ రోజే తెలుసా? మరి తెలిసి కూడా నన్నెందుకు పంపలేదు?"

చిన్నాన్న కుర్చీ చెయ్యి గోటితో గీరాడు. "నేనూ అదే అడిగేను. మీ నాన్న ఏటన్నాడంటే, 'నలుగురిలో నోరిప్పాల్సిన సోట ఇప్పింది. అప్పని కాయాల్సిన సోట మూసుకుంది. పదిహేనేళ్ళకే ఇంత ఉంటే, ఊరు దాటించేవంటే అది మళ్ళీ మనకి దొరుకుతాదేట్రా?' అన్నాడు. కళ్ళంట నీళ్ళెట్టుకున్నాడు కూడాను. నీకు సెప్పొద్దన్నాడు."

తెర మీద ఎవరో ఎవరినో తరుముతున్నారు. జాహ్నవి మా ఇద్దరి వైపు ఒకసారి తిరిగి చూసి, శబ్దం పెంచింది.

సూరత్త చివరి రోజుల్లో ఆమె తల దువ్వింది నేనే. వారానికోసారి వెళ్ళి, వెనక కూర్చుని, చిక్కు వచ్చిన చోటల్లా దువ్వెన కాస్త గట్టిగా లాగేదాన్ని. ఆమె "అబ్బా" అని కూడా అనేది కాదు. ఎందుకు లాగుతున్నానో ఆమెకి తెలుసునేమో. నేను చేయాల్సింది చేశానే, అని ఆమె ఒక్క మాట అని ఉంటే సరిపోయేది. తమ్ముడు చెప్పొద్దన్నాడని చెప్పలేదు కాబోలు. ఇన్నేళ్ళు నేను మోసిన ఆ ఒక్క ఫిర్యాదూ, ఎవరితోనూ చెప్పకుండా దాచుకున్నది, ఆ మధ్యాహ్నం నా చేతుల్లోంచి జారిపోయింది. దానికి బదులు నేను లాగిన చిక్కులన్నీ గుర్తొచ్చాయి.

కాని నాన్న సంగతి వేరు. నేను తప్పు చేశాననుకుని హాస్టలు మానిపించాడని ఆయన మీద నాకు ఒక్క ఫిర్యాదు ఉండేది. నా తప్పేమీ లేదని తెలిసి, తెలిసే మానిపించాడని ఇప్పుడు తేలింది. అంటే మొదటిది కొట్టివేయడానికి లేదు, దాని పక్కన రెండోది వచ్చి కూర్చుంది. మొదటిదానికి కోపం రావడం సులువుగా ఉండేది. రెండోదానికి కళ్ళు తుడుచుకుంటూ కోపం తెచ్చుకోవాలి, అది నాకు అలవాటు లేని పని. ఇంత మాట దాచినందుకు చిన్నాన్న మీద ఎలాగూ ఒకటి ఉంది. అన్నీ వరసగా చెప్పుకుందామని గొంతు సవరించుకున్నాను.

చిన్నాన్న నావైపు చూశాడు. చెవి మిషను తీసి చొక్కా జేబులో వేసుకుని, సినిమా వైపు తిరిగాడు.